జాబితాలో ఆరో పేరు

"చట్టి ఏదీ?" అంది పూమణి.

"ఏ చట్టి?"

"నిన్నటి పెరుగు చట్టి. చింతపండు నానబెడదామని కడిగి గట్టు మీద బోర్లించాను."

"పెరుగు అమ్మే సీనిత్తంబికి ఇచ్చేశాను."

"ఎందుకిచ్చారు? చట్టితో సహా కదా అమ్మేది! ఖాళీ చట్టి తిరిగిచ్చే మనిషి ఈ మట్టకళప్పు ఊరు మొత్తంలో మీరొక్కరే."

ఇళయతంబి పేపరు మడిచాడు. యాభై ఆరేళ్ళ మనిషికి పొద్దున్నే ఓపిక ఎక్కువ ఉండదు. "చట్టే కదా పూమణీ. పోతే పోయింది."

"పోవడానికి ఈ ఇంట్లో కాళ్ళొస్తున్నాయి అన్నిటికీ. ఎనిమిది నెలల కిందట అల్లుడి జననపత్రం పోయింది. బిస్కెట్ల డబ్బాలో నా చేతులతో పెట్టినది! ఇవాళ చట్టి. రేపు నేను పోతాను, అప్పుడూ పేపరు చదువుకుంటూ కూర్చోండి."

వంటింటి గుమ్మంలో కూతురు సుగంతి కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది. ఏడో నెల. "అమ్మా, నాన్నకి మట్టి చట్టంటే జాలి. నీ మీదే లేదు."

ఇళయతంబి ఆనాటి పెరుగు చట్టి మూతకి కట్టిన కొబ్బరి తాడు విప్పాడు. తాడు ముడి కింద అంగుళమంత ఫిల్ము ముక్క ఉంది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని చట్టిని భార్య చేతికిచ్చాడు.

"ఈరోజుది నువ్వే ఉంచుకో" అన్నాడు.

పట్టణంలో అందరికీ అతను మీనా స్టూడియో యజమాని. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టులు, పుష్పవతి వేడుకలు. కొలంబోలో నిఘా బ్యూరో బీరువాలో ఉన్న ఫైలులో మాత్రం అతని పేరు 'కొంగ'. మడుగు ఒడ్డున ఒంటికాలి మీద కదలకుండా నిలబడేది కాబట్టి ఆ పేరు పెట్టామని పై అధికారి గాలప్పత్తి మొదటి రోజున చెప్పి నవ్వాడు. అది తొమ్మిదేళ్ళ నాటి మాట. ఇప్పుడు కొంగకి మోకాళ్ళ నొప్పులు.

స్టూడియో చీకటి గదిలో ఫిల్ము ముక్కని దీపానికి ఎదురుగా పట్టి భూతద్దంలో చదివాడు.

'మిషన్: జాబితా. గడువు: రేపు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. లంగరు అడ్డుపడుతుంది. పద్ధతి తెలియదు. లోపల మన ఏజెంట్: మృణాళిని. సహకరించు. ముసుగు తీయొద్దు. చదివి కాల్చు.'

ఫిల్ము కాలిస్తే గది అంతా రోజంతా కంపు కొడుతుంది. రాసేవాడికి ఆ సంగతి తెలియదు. ఇళయతంబి దాన్ని కత్తెరతో సన్నగా కత్తిరించి రసాయనాల బక్కెట్లో వేశాడు.

జాబితా అంటే ఏమిటో అతనికి చెప్పక్కర్లేదు. పెద్ద ఉద్యమం నుంచి చీలి బయటికొచ్చిన ఉదయసేన కుర్రాళ్ళు రెండొందల పన్నెండు మంది. నాయకుడు వేందన్. ఉత్తరాన యుద్ధం ఇంకా మోగుతూనే ఉంది, తూర్పున వీళ్ళు అలిసిపోయారు. ఉదయసేన ఇప్పుడు ఉదయ ప్రజా పార్టీ. పట్టణ సభ ఎన్నికలకి పద్నాలుగు పేర్ల జాబితా ఇవ్వాలి. ఎన్నికల అధికారి దాన్ని అంగీకరిస్తే అదే మధ్యాహ్నం బడి మైదానంలో తుపాకులు అప్పగిస్తారు. తిరస్కరిస్తే తుపాకులున్న లారీ పడమటి అడవిలోకి మళ్ళుతుంది. వేందన్ అందరి ముందూ ఒట్టు వేసి చెప్పిన మాట అది.

లంగరు అంటే విదేశీ ఆయుధాల బ్రోకర్ల ముఠా. ఏడుగురు మనుషులు, ఏడు దేశాల పాస్‌పోర్టులు, సముద్రంలో ఎదురుచూస్తున్న ఒక ఓడ. అడవిలో ఉన్నవాడు తుపాకి కొంటాడు. పట్టణ సభలో కూర్చున్నవాడు కొనడు.

జాబితాలో ఆరో పేరు కిరుబరన్‌ది. వయసు ఇరవై ఏడు. సుగంతి భర్త. ఇక్కడి పద్ధతి ప్రకారం పెళ్ళైన రోజు నుంచి అత్తవారింట్లోనే, అంటే ఇళయతంబి కప్పు కిందే ఉంటున్నాడు.

ఆ గురువారం మధ్యాహ్నం ఇళయతంబి కెమెరా సంచితో పార్టీ ఆఫీసుకి వెళ్ళాడు. అభ్యర్థుల ఫోటోలు తీసే పని అతనిదే. లోపల పెద్ద గొడవ.

"కుట్టుమిషనా?" అంటున్నాడు ఒక కుర్రాడు. "పదకొండేళ్ళు అడవిలో ఉండి కుట్టుమిషను గుర్తుకి ఓటు వెయ్యండని అడగాలా నేను?"

"పడవ ఎవరో తీసుకున్నారురా. మిగిలింది కుట్టుమిషను, దువ్వెన."

"దువ్వెన కంటే ఇదే నయం. వేందన్ అన్నకి బట్టతల."

వేందన్ కూడా నవ్వాడు. నవ్వు ముఖం మీదికి వచ్చేదాకా కొంచెం సమయం పట్టింది. అతని పక్కన ఆకుపచ్చ ఫైలు పట్టుకుని కూర్చుంది మృణాళిని. నలభైలోపే ఉంటుంది, ముదురు నీలం పట్టుచీర, తలమీదికి నెట్టిన నల్లకళ్ళద్దాలు. ఏదో విదేశీ శాంతి సంస్థ పంపింది. మూడు నెలలుగా ఈ కుర్రాళ్ళకి మైకులో ఎలా మాట్లాడాలో, ఫారాలు ఎలా నింపాలో నేర్పుతోంది. ఆమె గదిలోకి వస్తే వాళ్ళు చొక్కా గుండీలు సర్దుకుంటారు.

ఆమె ఫోటోకి నిలబడి మెల్లగా అంది. "ఈరోజు పెరుగు ఎలా ఉంది మామయ్యా?"

కోడ్ అది. "తియ్యగానే ఉందమ్మా" అన్నాడు ఇళయతంబి. పుల్లగా ఉందంటే ప్రమాదం. విరిగిందంటే పట్టుకోమని.

"సాయంత్రం మీ ఇంటికొస్తాను. కిరుబరన్ ప్రమాణపత్రంలో సంతకం ఒకటి మిగిలింది."

వచ్చింది. పూమణి చాప వేసి, ఇత్తడి పళ్ళెంలో తాంబూలం పెట్టి ఎదురుగా కూర్చుంది. మృణాళిని పళ్ళేన్ని రెండు చేతులా అందుకుంది. మాట తీరు, చీరకట్టు, కూర్చునే పద్ధతి, దేనికీ వంక లేదు.

"మీదీ ఇక్కడేనటగా?" అంది పూమణి.

"మండూరు అత్తయ్యా. పన్నెండో ఏట బయటి దేశం వెళ్ళిపోయాం."

"ఏ వంశం?"

"మా నాన్నగారిది పొన్నాచ్చి వంశం అత్తయ్యా. కోవెల్లో మొదటి మర్యాద మాదే ఉండేదట."

"అలాగా" అంది పూమణి. సున్నం డబ్బా ముందుకి జరిపింది.

సంతకం అయ్యింది. కిరుబరన్ ఆమెని వీధి చివరిదాకా దిగబెట్టడానికి వెళ్ళాడు. పూమణి పళ్ళెం కడుగుతూ అంది, "ఆవిడ ఈ ఊరిది కాదు."

"ఎందుకు?"

"వంశం అడిగితే నాన్నది చెప్పింది."

"చిన్నప్పుడే వెళ్ళిపోయిందిగా."

"పన్నెండేళ్ళు ఇక్కడ ఉన్న పిల్లకి తల్లి వంశమే తన వంశమని తెలియదా? నాలుగేళ్ళ పిల్లని అడగండి, మా అమ్మది ఫలానా అంటుంది. తండ్రి వంశానికి కోవెల్లో మర్యాద ఎవరిస్తారు? ఆవిడకి చెప్పినవాళ్ళు అన్నీ చెప్పారు, ఇది మర్చిపోయారు." కాసేపాగి, "చీర మాత్రం బాగుంది" అంది.

ఇళయతంబి ఆ మాటని పక్కన పెడదామని చూశాడు. కుదరలేదు. బ్యూరో ఫైలులో మృణాళిని మండూరులో పుట్టిందని ఉంది. ఆ ఫైలు అబద్ధమైతే, ఆ అబద్ధం రాసి బ్యూరో చేతికి ఇచ్చిందెవరు?

శుక్రవారం ఎనిమిదింటికి స్టూడియో నుంచి ఫోన్ చేశాడు.

"సర్, ఆవిడని మనకి పరిచయం చేసిందెవరు?"

"శాంతి సంస్థ" అన్నాడు గాలప్పత్తి.

"ఆ సంస్థని నడిపేదెవరు?"

అవతల కాగితాల చప్పుడు. "ఎందుకు? ఆధారం ఏమిటి?"

"తాంబూలం దగ్గర వంశం తప్పు చెప్పింది."

"ఇళయతంబీ, నీకు సెలవు కావాలనుకుంటాను."

"ఆరేళ్ళ నుంచి అడుగుతున్నాను సర్."

"ఫైలు తెప్పించి సోమవారం చూస్తాను. ముసుగు తీయొద్దు."

సోమవారం! అతను ఫోన్ పెట్టేసి కెమెరాకి బ్యూరో ఇచ్చిన దగ్గరి లెన్సు బిగించాడు. చెయ్యి చాచినంత దూరం నుంచి చీమ కాలి గోరు కూడా చూపిస్తుందట. ఇచ్చి అయిదేళ్ళయింది. ఇప్పటిదాకా దానితో తీసింది పెళ్ళికూతుళ్ళ ముక్కుపుడకలే.

పదిన్నరకి ఎన్నికల అధికారి ఉండే కచేరీ వరండాలో వేందన్, పద్నాలుగు మంది అభ్యర్థులు ఇస్త్రీ చొక్కాల్లో నిలబడి చెమటలు కక్కుతున్నారు. గేటు బయట సీనిత్తంబి సైకిలుకి రెండు వైపులా పెరుగు చట్లు వేలాడదీసుకుని ఉన్నాడు. లోపల కొన్ని పార్టీలు జాబితాలు ఇచ్చేసి వెళ్ళిపోయాయి. వీళ్ళు మాత్రం ఇంకా ఇవ్వలేదు.

"పదకొండూ నలభైకి పేపరువాళ్ళొస్తారు" అంది మృణాళిని. "అప్పుడే ఇద్దాం."

అంత ఆలస్యంగా ఇస్తే ఏ తప్పు దొరికినా దిద్దుకునే వ్యవధి ఉండదని ఇళయతంబికి అర్థమైంది.

"అమ్మా, ఫైలు తెరిచి వేందన్ తమ్ముడికి చూపిస్తున్నట్టు ఒక ఫోటో. పేపరుకి" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. వేందన్ అప్పటికే జుట్టు లేని తల తుడుచుకుని సిద్ధంగా నిలబడ్డాడు. కాదనడానికి కారణం లేదు. ఫైలు తెరిచింది.

"ఇంకొంచెం తిప్పండి. ఆ. ఇంకో పేజీ."

పద్నాలుగు మందిలో ఆరుగురు ముప్పై అయిదేళ్ళ లోపువాళ్ళు ఉండాలి. ఒక్కరు తగ్గినా మొత్తం జాబితా చెల్లదు. వీళ్ళ దగ్గర సరిగ్గా ఆరుగురే ఉన్నారు. లెన్సులోంచి ఒక్కో జననపత్రం చదువుకుంటూ పోయాడు. అయిదూ సరిగ్గానే ఉన్నాయి. ఆరోది కిరుబరన్‌ది. పుట్టిన సంవత్సరంలో ఒక్క అంకె మారి ఉంది. దాని ప్రకారం అల్లుడికి ముప్పై ఏడేళ్ళు.

ఇంట్లో పత్రం పోయిందని తెలిసి, నేను కొత్త నకలు తెప్పిస్తానని మూడు వారాల కిందట ముందుకొచ్చింది మృణాళినే.

ఇంట్లో పత్రం పోగొట్టింది ఎవరో ఇళయతంబికి తెలుసు. ఎనిమిది నెలల కిందట బిస్కెట్ల డబ్బాలోంచి దాన్ని తీసి విచారణ కోసం కొలంబో పంపింది అతనే. అది వెనకవైపు బ్యూరో ఊదారంగు గుండ్రటి ముద్రతో, నంబరుతో తిరిగొచ్చింది. అలాంటి కాగితాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టలేక స్టూడియోలో పాత కెమెరా పెట్టె అడుగున దాచాడు. లంగరు దూరిన కంత అతను తవ్వినదే.

ఇప్పుడు గట్టిగా అరిస్తే మృణాళిని దొరుకుతుంది, జాబితా పోతుంది. లారీ పడమటికి తిరుగుతుంది, అందులో కిరుబరన్ ఉంటాడు. ఆ పత్రం తెస్తే జాబితా దక్కుతుంది. ముసుగు పోతుంది.

సమయం పదకొండూ అయిదు.

"బ్యాటరీ అయిపోయింది" అని మోటారుసైకిలు ఎక్కాడు.

వంతెన మీద తనిఖీ. సైనికుడు సంచి విప్పమన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఇతను దాచుకున్న ఒక్క నంబరు చెబితే ఆ సైనికుడు సెల్యూట్ కొట్టి పంపిస్తాడు. చెప్పడానికి వీల్లేదు. ఫిల్ము డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి చూపించాడు. వెళ్ళేటప్పుడు ఏడు నిమిషాలు, వచ్చేటప్పుడు తొమ్మిది.

కచేరీ గేటు దగ్గరికి వచ్చేసరికి పన్నెండుకి ఎనిమిది నిమిషాలు. "పెరుగు కావాలా అయ్యా?" అన్నాడు సీనిత్తంబి.

"వద్దు. విరిగిపోయింది." ఇళయతంబి మృణాళిని కారు వైపు కళ్ళతో చూపించాడు.

సీనిత్తంబి ముఖం మారింది. సైకిలు స్టాండు తీశాడు.

తలుపు దగ్గర కిరుబరన్ నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. "మామయ్యా, జాబితా చెల్లదంటున్నారు. నాకు ముప్పై ఏడట. మావాళ్ళు లారీ దగ్గరికి ఫోన్ చేసేస్తున్నారు."

"ఇది పెట్టు. అది తీసెయ్."

కిరుబరన్ కాగితం అందుకుని చూశాడు. "అత్తయ్య వెతికింది ఇదే కదా? మీ దగ్గర..." వెనక్కి తిప్పాడు. ఊదారంగు ముద్ర మీద అతని బొటనవేలు ఆగిపోయింది. పంతొమ్మిదో ఏట మూడు నెలలు ఒక చీకటి కొట్లో ఉన్నప్పుడు, సంతకం పెట్టమన్న ప్రతి కాగితం మీదా అతను ఆ ముద్ర చూశాడు.

"ఇది నాకు తెలుసు మామయ్యా."

"తర్వాత అడుగు."

"ఇప్పుడే అడుగుతాను."

"కిరుబరన్, ఆరు నిమిషాలుంది. నన్ను కొట్టాలంటే సాయంత్రం దాకా ఆగొచ్చు. ఇది ఆగదు."

కుర్రాడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది, పాత అలవాటు కొద్దీ. అక్కడేమీ లేదు. పొద్దున్నే తుపాకి లారీలో పెట్టి వచ్చాడు. అతను మామగారి కళ్ళలోకి చూసి, కాగితం పట్టుకుని లోపలికి పరుగెత్తాడు.

ఎన్నికల అధికారి కళ్ళద్దాలు తుడుచుకుని పత్రం ముందువైపు చదివాడు, వెనక్కి తిప్పాడు. "ఈ ముద్ర ఏమిటి?"

వెనకనుంచి ఇళయతంబి అన్నాడు. "ముందువైపు సరిగ్గా ఉందా అయ్యా?"

"ఉంది."

"అయితే గడియారం చూడండి."

పన్నెండుకి రెండు నిమిషాలు. అధికారి ఒకసారి గోడ మీదికి, ఒకసారి వేందన్ ముఖంలోకి చూసి జాబితా మీద ముద్ర కొట్టాడు. మొత్తం గదిలో మొదట చప్పట్లు కొట్టింది కుట్టుమిషను వద్దన్న కుర్రాడే.

వరండాలో మృణాళిని నల్లకళ్ళద్దాలు కిందికి దించుకుంటోంది. "నా గురించి మీకు ఎవరు చెప్పారు మామయ్యా? కొలంబోలో ఎవరికీ తెలియదే."

"నా భార్య."

"ఆవిడ కూడా ఏజెంటా?"

"కాదమ్మా. తాంబూలం ఇస్తుంది, అంతే."

ఆమె కారు వంతెన దాటలేదు. సీనిత్తంబి ముందే చేరుకున్నాడు. సైకిలుతో సహా రోడ్డుకి అడ్డంగా పడిపోయి, పద్నాలుగు చట్లు పగలగొట్టుకుని, పోలీసులొచ్చేదాకా కారుని కదలనివ్వలేదట.

ఒంటిగంటకి బడి మైదానంలో టార్పాలిను మీద తుపాకులు వరుసగా పేర్చారు. ఇళయతంబి ఫోటో తీశాడు. ఈ ఫోటోని ఖాళీ చట్టిలో పెట్టి ఎక్కడికీ దొంగతనంగా పంపనక్కర్లేదు.

ఇంట్లో భోజనాలు రెండింటికి. అన్నం, పీతల కూర, మునగాకు వేపుడు, సొది అనే కొబ్బరిపాల చారు. కిరుబరన్ జరిగింది చెప్పి, ఊదా ముద్ర సంగతి కూడా చెప్పి, ఆపైన కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. సుగంతి వడ్డించడం ఆపేసింది.

"ఎన్నేళ్ళు మామయ్యా?"

"తొమ్మిది."

"మా పెళ్ళికి ముందు నుంచే."

"మీ పెళ్ళి ఫోటోలు కూడా పంపాను."

కిరుబరన్ నవ్వాడు, ఏమీ బాగోని నవ్వు. "అందుకేనా ఆల్బంలో మాకంటే నా స్నేహితులు స్పష్టంగా ఉన్నారు?" కలిపిన అన్నం వదిలేశాడు. "శశి కూడా ఉన్నాడు అందులో. రెండు వారాలకి తీసుకుపోయారు వాణ్ణి. మీ ఫోటో చూసేనా?"

"తెలియదు."

"తెలియదా!"

"నేను పంపేవాణ్ణి. ఆ తర్వాత ఏమయ్యేదో వాళ్ళు చెప్పేవాళ్ళు కాదు." ఇళయతంబి చేతి వేళ్ళకి అన్నం ఆరిపోయింది. "నేనూ అడగలేదు."

కిరుబరన్ లేవబోయాడు. "నేను ఈ ఇంట్లో..."

"కూర్చో" అంది పూమణి. గరిటె కింద పెట్టింది. "ఈ ఇల్లు మా అమ్మ నాకిచ్చింది. బిడ్డ పుట్టాక నేను సుగంతికి రాసిస్తాను. ఇద్దరు మగాళ్ళూ వచ్చి చేరినవాళ్ళే. ఎవరుంటారో, ఎవరు పోతారో చెప్పేది నేను."

భర్త వైపు తిరిగింది. "పెరుగు నోట పెట్టని మనిషి తొమ్మిదేళ్ళు రోజూ పెరుగు కొంటే నాకేమీ తోచదనుకున్నారా? మొదటి ఏడాది సీనిత్తంబి చెల్లెల్ని అనుమానించాను. పాపం, ఆవిడకి ఎదురుపడ్డప్పుడల్లా ముఖం తిప్పుకున్నాను."

సుగంతి ఏడుస్తూనే నవ్వింది.

"కిరుబరన్ తుపాకి బయట పెట్టాడు. మీరు చట్టి బయట పెట్టండి. ఇవాళే. ఆ కొలంబో ఆయనకి ఫోన్ చేసి, సోమవారం దాకా ఆగకుండా చెప్పండి. శశిని ఎక్కడ పెట్టారో, ఉన్నాడో లేడో, అదీ అడగండి. ఆయన చెప్పినా చెప్పకపోయినా రేపు పొద్దున్న ఇద్దరూ కలిసి శశి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తున్నారు. ముందు మాట్లాడేది మీరు. ఆవిడ కొడితే కొట్టించుకోండి. కిరుబరన్ పక్కన నిలబడతాడు, అడ్డుపడడు. అది అయ్యాక ఈ ఇంట్లో ఉంటాడో లేదో అతను చెప్పొచ్చు. అంతవరకూ ఎవరూ కంచం ముందు నుంచి లేవకూడదు."

కిరుబరన్ కూర్చున్నాడు. పీత కాలు విరిచాడు. మామగారి వైపు చూడకుండానే కూర గిన్నె అటు జరిపాడు.

ఇళయతంబి గిన్నె వదిలి, పక్కనున్న చట్టి దగ్గరికి లాక్కున్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి పెరుగు వడ్డించుకుని నోట పెట్టుకున్నాడు.

"పుల్లగా ఉంది" అన్నాడు. "పెరుగన్నాక నిన్నటిదైతే అలాగే ఉంటుంది" అంది పూమణి.